కుక్క దగ్గర మలుపు

కంపెనీ ఉత్తరం ఒక్క పేరాలో ముగిసింది:
స్కార్‌బెక్ లోయలో ఇరవై మూడిళ్లు, గిట్టుబాటు కాదు.
థర్జా దాన్ని చాపెల్ తలుపుకి గుచ్చింది.
గిట్టడానికి మేమేం సంతలో గొర్రెలమా, అంది.
అక్టోబరులోనే పారలు బయటికొచ్చాయి.

తవ్విన మీటరుకి ఇంత వాటా అని
పాత పాల లెక్కల పుస్తకంలో రాసుకున్నాం.
ఎవరి పొలం వాళ్లు, పొలం లేనివాళ్లు రోడ్డు పక్క.
స్కూలు మాస్టరు చేతులు తొలిరోజే బొబ్బలెక్కాయి,
మర్నాటి నుంచి ఆయన టీ కాచాడు, మీటర్లు మాత్రం రాయించుకున్నాడు.
మోకాలి లోతు చాలన్నారు.
ఎవరి మోకాలు? దాని మీద ఒక పూటంతా దెబ్బలాట.
చివరికి ఐవర్ మోకాలు ఖాయం చేశాం,
డెబ్బై ఏళ్లవాడు, అందరికన్నా పొట్టి.

లినెట్ అప్పటికింకా సమాధుల గోడ ఎక్కి
గొడుగు కింద హోంవర్కు పంపేది.
అక్కడే ఒక గీత సిగ్నలు,
అదీ గాలి పడమటిదైతే అని వాళ్ల అమ్మ నమ్మకం.

నేను బట్టలు కుట్టేదాన్ని.
వెంట్రుకంత గాజుపోగుని ఇంకో గాజుపోగుతో అతకడం
వ్యాను వెనక కూర్చోబెట్టి నాకు నేర్పారు.
సూదిలో దారమెక్కించే కళ్లే ఇవీ,
తెగితే ముడి వేయడం కుదరదు, అంతే తేడా.
రెండు కొసలూ తెర మీద ఎదురెదురుగా నిలబడతాయి,
చిటికెడు నిప్పు, బిగబట్టిన నా ఊపిరి,
ఆ తర్వాత అతుకెక్కడో నాకే కనపడదు.

ఆస్విన్ పొలం ఒక్కటీ మిగిలింది.
ఆయన ఒప్పుకోలేదు.
సరిహద్దు గోడ రాళ్ల దగ్గర వాళ్ల నాన్నకీ మా తాతకీ తగువు,
అదొక కారణం. అడిగితే ఇంకా చెప్తాడు.
చుట్టు తిరిగితే పదకొండు వందల మీటర్లు, అంతా బండ.
తవ్వినంత మేర కాలవలో నీళ్లు నిలిచాయి,
తర్వాత మంచు,
తర్వాత మళ్లీ నీళ్లు.

గొర్రెల లెక్కలన్నీ ఇంటర్నెట్లోనే పంపమంది సర్కారు.
ఆస్విన్ ముప్పై మైళ్లు పోయి పట్నం లైబ్రరీలో
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడట,
ఆఖరి పేజీ రాకముందే ఆయన గంట అయిపోయేదట.
ఇది ఆయన చెప్పింది కాదు,
లైబ్రరీ అమ్మాయి చెప్పింది.

మార్చిలో ఒక ఆదివారం
ఆయనే గేటు తీసి పట్టుకున్నాడు.
తవ్వుకోండి. ఇక్కడ మాత్రం వద్దు, అని
మడమతో ఒక చోటు చూపించాడు.
మామూలు గడ్డి. రాయి లేదు, రాత లేదు.
నెల్, అన్నాడు.
పద్నాలుగేళ్లు మంద కాసింది.
ఇంకేదో గొంతులో ఉంది, అది గొంతులోనే ఉండిపోయింది.

మేం కట్టిన తాడు సూటిగా ఆ గడ్డి మీంచే పోతోంది.
థర్జా వంగి తాడు విప్పింది.
ఐవర్ మోకాలి లోతున పార ఎడమకి తిరిగింది.
మరీ వంచితే గాజులోంచి వెలుగు కారిపోతుందని
నేనే చెప్పాల్సొచ్చింది,
అందుకని తొందరలేని పెద్ద మలుపు తీశాం,
ముడుచుకు పడుకున్న కుక్క వీపులా.

ఇప్పుడు లినెట్ పరీక్షలూ, డాక్టరు ముఖమూ,
మాస్టరు గారి కూతురి పెళ్లి ఫోటోలూ
అన్నీ ఆ మలుపు తిరిగే ఇళ్లకి వస్తాయి.
మొన్నొచ్చిన ఇంజనీరు కుర్రాడు పటం మీద వేలు పెట్టి
ఇక్కడ ఆరు మీటర్ల కేబుల్ వృథా ఎందుకు చేశారు, అన్నాడు.
బండ అడ్డొచ్చింది, అంది థర్జా.
ఆస్విన్ తన టోపీ సర్దుకున్నాడు.

రాత్రి పదకొండుకి ఆయన కిటికీలో నీలం వెలుగు.
ఏం చూస్తాడో తెలీదు,
వాన కబుర్లే అయ్యుంటాయి.
గోడ రాళ్ల సంగతి మాత్రం
ఇంకా తేలలేదు.